రెండు తలుపుల కారా, జావా మోటారు సైకిలా?

ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. సాయంత్రం కాఫీ తాగుతూ చదవండి.

ధర్మపురికి 1906లోనే రైలు వచ్చింది. మన పెద్దవాళ్లు దాన్ని చిన్న రైలు అనేవారు. మొరప్పూరు నుంచి పద్దెనిమిది మైళ్లు. పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులే. కరువు కాలంలో గింజలు చేరవేయడానికి వేసిన లైను అది. 1913లో హోసూరుదాకా పొడిగించారు. 1941లో మొత్తం పీకేశారు, ఆ ఇనుము యుద్ధం పనులకు పోయింది. 1960లలో సేలం–బెంగళూరు మీటర్ గేజి లైను వేసేదాకా మన ఊరికి రైలే లేదు. రైల్వేలో ముప్పై ఏళ్లకు పైగా కాగితాలు రాసిన చేతులతో ఈ మాట రాయడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఒక తరం పిల్లలు రైలు కూత వినకుండానే పెరిగి పెద్దవాళ్లయ్యారు.

ఆ రోజుల్లో రాత్రి పన్నెండు గంటలకు ఇంట్లో ఒకరికి ప్రాణం మీదికి వస్తే ఏం చేసేవారు? బస్సు తెల్లారిగాని లేదు. మొరప్పూరు స్టేషనుకు పోవాలన్నా ఎడ్లబండే గతి. పెద్దాసుపత్రి అంటే సేలం, తొప్పూరు కనుమ దాటి నలభై మైళ్ల దూరం. అందుకని ఊళ్లో ఎవరి ఇంట కారు ఉందో చిన్న పిల్లవాడికి కూడా తెలిసేది. మనం ఇప్పుడు చెప్పుకోబోయే పంచాయితీ అర్థం కావాలంటే ముందు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఇక పంచాయితీ. మన సంఘంలోని ఒక కుటుంబం ఇల్లు పంచుకుంటోంది. పేరు వద్దు, తెలిసినవాళ్లకు తెలుసు. ఇంటి వెనక రేకుల కొట్టంలో రెండు బండ్లున్నాయి. ఒకటి 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. రెండోది 1963 నాటి మైసూరు జావా. కొట్టం తీసేస్తున్నారు, మిగిలే తావు ఒక్క బండికే. బెంగళూరులో ఉద్యోగం చేసే పెద్ద మనవడు కారు ఉంచుకుంటానంటాడు. ఊరికే కాదు, పైకప్పు తీయించి, ఎర్ర రంగు కొట్టించి, స్పోర్ట్స్ కారు చేయించుకుంటాడట. చిన్నవాడు కారు అమ్మేద్దాం, జావా ఉంచుకుందాం అంటాడు. మమ్మల్ని మధ్యవర్తులుగా పిలిచారు. పాత సంగతులు రాసేవాళ్లం గదా, మాకే తెలుస్తుందని వాళ్ల నమ్మకం.

పెద్దవాడి మాట వినగానే మా వయసువాళ్లు నవ్వారు. హెరాల్డ్ ఎక్కడ, స్పోర్ట్స్ కారు ఎక్కడ అని. కానీ నవ్వాల్సిన మాట కాదు అది. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. దాని రూపం గీసినవాడు మిచెలొట్టి అనే ఇటలీవాడు. 1962లో అదే కంపెనీ అదే మిచెలొట్టి చేత ఇంకో బండి గీయించి, హెరాల్డ్ ఛాసిస్‌నే కొంచెం కురచ చేసి, దాని మీద స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టింది. ప్రపంచమంతా పేరు పడిన బండి అది. మన కొట్టంలో ఉన్నది దానికి అన్న వరస. ముందు బానెట్టు మొత్తం పెట్టె మూతలాగా ముందుకు తెరుచుకుంటుంది, మెకానిక్కు ముందు చక్రం మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఇరవై అయిదు అడుగుల తావులో చుట్టూ తిరిగిపోతుంది. మన కుమ్మరి వీధిలాంటి ఇరుకు సందుల్లో ఆ గుణం ఎంత ఉపయోగమో వేరే చెప్పాలా! ఇంకో విశేషం, హెరాల్డ్ పైకప్పు బోల్టులతో బిగించింది. విప్పితే నిజంగానే ఊడి వస్తుంది. బెంగళూరు గ్యారేజీవాడు కుర్రవాడికి చెప్పింది అబద్ధం కాదు.

మదరాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి ఈ హెరాల్డ్ చేశారు. దేశంలో అప్పుడు దొరికే కార్లే మూడు రకాలు. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. మొదటి రెండింటికీ నాలుగు తలుపులు. హెరాల్డ్‌కు రెండు. వెనక సీటులోకి పోవాలంటే ముందు సీటు మడవాలి, వంగాలి, దూరాలి. చీర కట్టుకున్న ఆడవాళ్లు, పంచె కట్టుకున్న పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, అందరూ ఆ సీటును తిట్టుకుంటూనే ఎక్కారు. చివరికి 1968లో కంపెనీ మార్క్ త్రీ అని నాలుగు తలుపుల హెరాల్డ్ తెచ్చింది. ఇంగ్లండులో హెరాల్డ్‌కు ఎన్నడూ నాలుగు తలుపులు లేవు. అది మన దేశంలోనే పుట్టింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఒకే ఛాసిస్. అక్కడ ఆరేడేళ్ల ముందు దాన్ని కురచ చేసి రెండు సీట్లు తగ్గించారు. ఇక్కడ దానికే ఇంకో రెండు తలుపులు పెట్టారు. వాళ్లకు ఇంట్లో ఇంకో కారు ఉంటుంది, వీధి చివర బస్సు ఉంటుంది, పిలిస్తే అంబులెన్సు వస్తుంది. రెండు సీట్ల బండి వాళ్లకు సరదా. మనకు వీధి మొత్తానికి ఒక్క కారు. అందులో ఎంతమంది పడతారు, పడుకోబెట్టి తీసుకుపోవచ్చా అన్నదే లెక్క. మన దగ్గర స్పోర్ట్స్ కారు రాకపోవడానికి పన్నులు, లైసెన్సులు కారణమని అందరూ రాస్తారు. అదీ నిజమే. ఈ కారణం మాత్రం ఎవరూ రాసినట్టు మా కంటబడలేదు.

కారు ఉన్న ఇంటి తలుపు రాత్రిపూట ఎవరైనా తట్టవచ్చు. అది రాయని చట్టం. కానుపు నొప్పులు, పాము కాటు, పురుగుల మందు తాగిన పిల్ల, బావిలో పడ్డ పిల్లవాడు. కారు ఓనరు లేచి చొక్కా తగిలించుకోవాల్సిందే. బాడుగ తీసుకోకూడదు. ప్రైవేటు కారులో బాడుగకు మనుషుల్ని ఎక్కిస్తే 1939 నాటి మోటారు చట్టం కింద కేసు. అందుకని తర్వాత ఎప్పుడో ఒక మూట రాగులో, చింతపండో, సీజనులో ఒక బుట్ట మామిడికాయలో ఇంటికి చేరేవి. పెట్రోలు ఖర్చు మాత్రం ఓనరుదే. 1973లో పెట్రోలు ధర పెరిగి వాజ్‌పేయిగారు ఎడ్లబండి మీద పార్లమెంటుకు పోయిన రోజుల్లో కూడా ఈ చట్టం మారలేదు. కొందరు కారు అమ్మేయడానికి అసలు కారణం పెట్రోలు ధర కాదు, ఈ తలుపు తట్టడమే. అమ్మినవాళ్లను తప్పు పట్టలేం. నిద్ర అందరికీ కావాలి.

మోటారు సైకిలు కథ వేరు. అది ఒక్కడి బండి. వెనక ఇంకొకరు కూర్చోవచ్చు, ట్యాంకు మీద ఒక పిల్లవాడు కూడా పడతాడు. కానీ రోగిని తీసుకుపోలేదు, అందుకని దాని కోసం ఎవరూ తలుపు తట్టరు. ఈ తేడా కొత్తది కాదు. 1792 నుంచి ఏడేళ్లు ఇదే ధర్మపురిలో థామస్ మన్రో రెవెన్యూ పని చేశాడు. ఆ తర్వాతనే దత్తమండలాలకు పోయి రాయలసీమలో మన్రోలయ్య అనిపించుకున్నాడు. పల్లకీ ఎక్కితే బోయీలు ఎంతోమంది కావాలి, గుర్రం ఎక్కితే మనిషి ఒక్కడే పోవచ్చు. మదరాసులో ఆయన విగ్రహం కూడా గుర్రం మీదే ఉంది. ఆ గుర్రానికి జీను, రికాబులు లేవని చూసినవాళ్లందరూ చెప్పుకుంటారు. సరే, మన దారికి వద్దాం.

మోటారు సైకిళ్లలో మొదట వచ్చింది బుల్లెట్టు. 1955లో తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ముందు సైన్యానికి, తర్వాత పోలీసు ఇన్‌స్పెక్టర్లకు, ఆ తర్వాత కాంట్రాక్టర్లకు. గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు. జావా 1961లో మైసూరులో మొదలైంది. 250 సీసీ, టూ స్ట్రోక్, రెండు సైలెన్సర్లు, పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. దాంట్లో ఒక తమాషా ఉంది. కిక్కు కొట్టే కడ్డీ, గేరు మార్చే కడ్డీ ఒక్కటే. కిక్కు కొట్టి దాన్నే ముందుకు వాలిస్తే గేరు అవుతుంది. కొత్తగా చూసినవాళ్లు కిక్కరు ఎక్కడ, గేరు ఎక్కడ అని వెతుక్కునేవారు. మైసూరు నుంచి కొన్ని బండ్లు రైలు పార్శిలుగా మొరప్పూరులో దిగేవి. ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా ఖాళీ చేసి, గోనెపట్టా చుట్టి, చీటీ కట్టి పంపాలి. దిగిన తర్వాత మళ్లీ పెట్రోలు ఎక్కడిది? సీసాలో తెచ్చుకున్నవాడు బండెక్కి పోయేవాడు, మరిచిపోయినవాడు తోసుకుంటూ పోయేవాడు.

హెరాల్డ్, జావా రెండూ పందేల్లో పాల్గొన్నవే. మదరాసుకు ఉత్తరాన, మన నెల్లూరు పోయే దారిలో, షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే ఒకటి ఉండేది. మదరాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువాళ్లు దాని మీద ఏటేటా పందేలు పెట్టేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చేదాకా అదే మన దక్షిణాది కుర్రవాళ్లకు తిరునాళ్ల. ఇంట్లో అమ్మ తిట్టుకుంటూ ఎక్కిన కారే అక్కడ దుమ్ము లేపుకుంటూ పోతుంటే చూసి వచ్చినవాళ్లు మన వీధుల్లో కూడా ఉన్నారు.

1961లో మన దేశంలో హెరాల్డ్ వచ్చింది, జావా వచ్చింది. అదే ఏడాది వరకట్న నిషేధ చట్టం కూడా వచ్చింది. మొదటి రెండూ మన ఊరికి చేరాయి. మూడోది చేరినట్టు మాకు కనబడలేదు. పెళ్లిమాటల్లో గడియారం, రేడియో, మోటారు సైకిలు అని వరసగా చదివేవారు. కారు అడిగేంత తాహతు మన సంబంధాల్లో ఉండేది కాదు గనుక మోటారు సైకిలు దగ్గర ఆగేది. మన సంఘం కుటుంబాల్లో తాతల బండి అని గోడకు ఫోటో తగిలించుకున్నవి చాలావరకు అవ్వల పుట్టింటి బండ్లు. ఈ మాట చదివి కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

ఈ కుటుంబంలోనూ అంతే. చిన్న మనవడు తాత జావా, తాత జావా అంటుంటే వాళ్ల అవ్వ పక్కనే కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తోంది. ఎనభై దాటింది, చెవులు బాగానే ఉన్నాయి. కారా బండా అని నెల రోజులుగా ఇంట్లో వాదులాడుకుంటున్నారు గాని ఆమెను ఒక్కరూ అడగలేదు. మేము అడిగాం.

‘‘తాతది కాదురా అది. మా నాయన రెండెకరాల మామిడి తోపు’’ అంది. కాసేపటికి కారు మాట తానే ఎత్తింది. ‘‘మీ నాయన కడుపులో ఉండగా అందులోనే సేలం పోయినాను. ముందు సీటు మడిచి వెనక్కి దూరమన్నారు, నొప్పులతో వంగేదానికి అయితదా? మీ తాత దిగి మొక్కుకుంటా నిలబడినాడు. అమ్మితే అమ్మండి. కొనేవాడికి ఈ సంగతి చెప్పి అమ్మండి.’’

అంత చెప్పి మళ్లీ ఆకుల్లో పడింది.

ఇక ఆ కారు పని ఎప్పుడు అయిపోయింది? దీనికి మాత్రం ఖచ్చితమైన ఏడాది చెప్పగలం, 2008. ఆ ఏడాది ధర్మపురిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో తమిళనాడులో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 108 అనేది 2005 ఆగస్టు 15న హైదరాబాదులో పుట్టిన ఏర్పాటు అని మన పిల్లకాయలకు చెప్పండి. తెలుగువాళ్లు ఈ జిల్లాకు చేసిన మేలు ఒకటి చెప్పమంటే మేము ముందు దీన్నే చెబుతాం. అప్పటినుంచి కారు ఉన్న ఇంటి తలుపు రాత్రిపూట తట్టేవాళ్లు లేరు. కారు ఇంటివాళ్ల సొంతమైంది.

అంతకు ముందే ఒంటరి బండి ఊరందరిదీ అయిపోయింది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది, ఇద్దరు కూర్చునే మోపెడ్ దేశంలో అదే మొదటిది. 1984లో అక్కడినుంచే ఇండ్-సుజుకి. 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయేదాకా హోసూరు మన ధర్మపురి జిల్లాలోదే గనుక ఈ రెండూ మన జిల్లా బండ్లని చెప్పుకునే హక్కు మనకుంది. టీవీఎస్ మీద పాల క్యాన్లు, అరటి గెలలు, పట్టుగూళ్ల మూటలు, చివరికి మేకపిల్లలు కూడా ఊరేగాయి. ఇప్పుడు కరెంటు స్కూటర్లు చేసే ఓలా ఫ్యాక్టరీ పోచంపల్లిలో ఉంది. తెలంగాణ చుట్టాలు పోచంపల్లి అనగానే చీరలు అనుకుంటారు. ఇది మన కృష్ణగిరి పక్కన ఉన్న పోచంపల్లి. పేరు తెలుగుదే, చూశారా!

సరే, పంచాయితీలో తీర్పేమిటి? మా మాట ఇది. కారు ఉంచండి, పైకప్పుతో సహా ఉంచండి.

పెద్దవాడికి కాగితం మీద లెక్క చూపించాం. 2021 జులైలో కేంద్రం పాత వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన కార్లకు, మోటారు సైకిళ్లకు అది వర్తిస్తుంది. కొత్తగా చేయిస్తే ఇరవై వేల రూపాయలు, పదేళ్ల గడువు, తర్వాత పునరుద్ధరణకు అయిదు వేలు. నంబరులో వీఏ అని రెండు అక్షరాలు వస్తాయి. కానీ షరతు ఉంది. బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. పైకప్పు కోయించి స్పోర్ట్స్ కారు చేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. వింటేజ్ నంబరు తీసుకున్నా రోజువారీ వాడకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. మామూలు రిజిస్ట్రేషనే కొనసాగించాలంటే 2025 ఆగస్టులో పెంచిన రుసుము ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన కారుకు పదివేలు, మోటారు సైకిలుకు రెండు వేలు. ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష. కుర్రవాడు మొదటిసారి ఫోను పక్కన పెట్టి విన్నాడు.

చిన్నవాడి వాదనలో బలం లేదని కాదు. జావా నడుపుకోవడం సులువు. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడినా ఆ బండ్లను ప్రాణంగా చూసుకునే క్లబ్బులున్నాయి. జులై రెండో ఆదివారం జావా రోజు అని ఊరూరా బండ్లు వేసుకుని తిరుగుతారు. 2018లో ఆ పేరుతో కొత్త బండ్లు కూడా వచ్చాయి. హెరాల్డ్‌కు ఆ భాగ్యం లేదు. స్టాండర్డ్ కంపెనీ 1988లోనే మూతపడింది, సామాను కావాలంటే పాతసామాను కొట్లలో వెతుక్కోవాలి. అందుకనే ఉంచమంటున్నాం. జావాను కాపాడేవాళ్లు వెయ్యిమంది ఉన్నారు. ధర్మపురి నుంచి సేలంకు రాత్రిపూట నొప్పులు పడే ఆడవాళ్లను మోసిన రెండు తలుపుల కారును కాపాడటానికి ఆ ఇంటివాళ్లు తప్ప ఎవరున్నారు?

జావా సంగతి అవ్వ చేతిలో పెట్టాం. అమ్మితే ఆ డబ్బు ఆమె పేరున బ్యాంకులో వేయాలని ఇద్దరు మనవళ్ల చేతా ఒప్పించాం. చిన్నవాడు తానే కొనుక్కుంటానన్నాడు. బేరం నడుస్తోంది. అవ్వ ధర తగ్గించడం లేదు.

పాత బండ్లు ఉన్న మిగతావాళ్లకు రెండు మాటలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇరవై శాతం ఎథనాల్ ఉంటోంది. అది నీటిని పీలుస్తుంది, పాతకాలపు రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. నెలల తరబడి నిలిపే బండి ట్యాంకులో పెట్రోలు ఉంచకండి, పైపులు మార్పించండి. రెండోది కాగితాలు. 1965 అక్టోబరు 2కు ముందు ధర్మపురి జిల్లానే లేదు, మనమంతా సేలం జిల్లా. అంతకు ముందు రిజిస్టరైన బండి అయితే పుస్తకం మీద సేలం ముద్రే ఉంటుంది, భయపడకండి, అది సరైనదే. పాత ఆర్.సి. పుస్తకాలు, పెట్రోలు చీటీలు, బండి పక్కన నిలబడి తీయించుకున్న ఫోటోలు ఉంటే పారేయకండి. వచ్చే నెల రెండో ఆదివారం సంఘం హాలులో స్కానర్ పెడుతున్నాం. తీసుకురండి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం.